విమానం కూలినా, భద్రతా తనిఖీలో లోపం జరిగినా పరిహారం ఎవరిని అడగాలి, ఎక్కడ అడగాలి, ఎప్పటిలోగా అడగాలి

మీరు నాలుగు విషయాలు అడిగారు. విమాన ప్రమాదంలో మనిషి పోతే బాధ్యత ఎయిర్‌లైన్‌దా, తయారీదారుదా, విమానాశ్రయానిదా? భద్రతా తనిఖీలో లోపం వల్ల దాడి జరిగితే ఎవరిని నిలదీయాలి? ఎయిర్‌లైన్ వాళ్లు అడ్వాన్సు ఇస్తామంటూ తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టొచ్చా? దర్యాప్తు నివేదిక వచ్చేదాకా ఆగాలా? చివరి రెండింటికీ ముందే జవాబు చెప్పేస్తాను. అక్కడ పొరపాటు పడితే మొదటి రెండింటికి జవాబు తెలిసినా ప్రయోజనం ఉండదు.

అడ్వాన్సు తీసుకోండి. కానీ ఆ కాగితంలో హక్కులు వదులుకుంటున్నామనే అర్థం వచ్చే వాక్యం ఒక్కటి ఉన్నా సంతకం పెట్టకండి. నివేదిక కోసం ఆగకండి. అంతర్జాతీయ ప్రయాణంలో ఎయిర్‌లైన్ మీద దావాకు గడువు రెండేళ్లు. నివేదికకు అంతకన్నా ఎక్కువ కాలం పట్టడం మామూలే.

కుటుంబాలు మొదటి రోజు నుంచీ తప్పు ఎవరిదన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. అంత దుఃఖంలో అలా అనిపించడం సహజం. కోర్టు మాత్రం ముందు వేరే సంగతులు చూస్తుంది. చనిపోయిన మనిషి టికెట్ ఎక్కడి నుంచి ఎక్కడికి, ఘటన జరిగిన క్షణంలో ఆయన ఎక్కడ ఉన్నారు, దావా ఏ దేశంలో ఏ తేదీన పడింది. ఇవి తేలాకే తప్పొప్పుల మాట వస్తుంది. బలమైన కేసులు కూడా ఈ మెట్ల దగ్గరే కూలిపోతాయి కాబట్టి వాటితోనే మొదలుపెడతాను.

టికెట్‌ను బట్టి చట్టం

అంతర్జాతీయ ప్రయాణాలకు ఇప్పుడు ఎక్కువ దేశాల్లో వర్తించేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. అది 2003 నవంబరు 4న అమల్లోకి వచ్చింది. ప్రయాణం అంతర్జాతీయమా కాదా అన్నది అది టికెట్‌ను బట్టి లెక్కగడుతుంది. కూలిన విమానం ఏ దారిలో ఎగురుతోందన్నది దానికి ముఖ్యం కాదు. ఒకే దేశంలో రెండు ఊళ్ల మధ్య ఎగిరే విమానంలో పక్కపక్క సీట్లలో ఇద్దరున్నారనుకోండి. ఒకరి టికెట్ ఆ ఊరి వరకే. ఇంకొకరిది అక్కడ విమానం మారి విదేశానికి వెళ్లే టికెట్. మొదటివారి కుటుంబానికి ఆ దేశపు సొంత చట్టం, రెండోవారి కుటుంబానికి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తాయి. ఇద్దరికీ వచ్చే పరిహారంలో, గడువులో, కోర్టులో తేడా రావచ్చు.

ఒకవైపు టికెట్ అయితే బయల్దేరిన దేశం, చేరాల్సిన దేశం రెండూ ఒప్పందంలో ఉండాలి. రానూపోనూ టికెట్ అయితే చట్టం దృష్టిలో గమ్యం కూడా బయల్దేరిన చోటే. మధ్యలో మరో దేశంలో దిగే ఏర్పాటు ఉంటే చాలు, బయల్దేరిన దేశం ఒక్కటి ఒప్పందంలో ఉన్నా సరిపోతుంది. అందుకే బోర్డింగ్ పాస్ ఫొటో ఒక్కటి దాచుకుంటే చాలదు. బుకింగ్ ఈమెయిల్, పూర్తి ప్రయాణ వివరం, డబ్బు కట్టిన రుజువు అన్నీ కావాలి. రెండు టికెట్లు విడివిడిగా కొని ఉంటే అవి రెండూ కలిపి ఒకే ప్రయాణమా అన్న దగ్గరే గట్టి వాదన జరుగుతుంది. ఒకేసారి, ఒకే ఏజెంటు దగ్గర కొన్నట్టు చూపగలిగితే మేలు.

ఒప్పందంలో చేరని దేశాల మధ్య ప్రయాణమైతే ఇంకా 1929 వార్సా ఒప్పందమే దిక్కు కావచ్చు. దాని పరిమితి 1,25,000 బంగారు ఫ్రాంకులు. 1955లో హేగ్‌లో దాన్ని రెట్టింపు చేశారు. ఈ కాలపు లెక్కలో చాలా చిన్న మొత్తం. ఆ పరిమితి దాటి రాబట్టాలంటే ఎయిర్‌లైన్ తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసిందని కుటుంబమే రుజువు చేయాలి.

విమానం మీద ఒక కంపెనీ పేరు, టికెట్ మీద మరో కంపెనీ పేరు ఉంటే కంగారు పడకండి. టికెట్ అమ్మిన ఎయిర్‌లైన్, విమానం నడిపిన ఎయిర్‌లైన్ రెండింటినీ అడిగే హక్కు ఒప్పందమే ఇచ్చింది. రెండింటినీ ప్రతివాదులుగా చేర్చడమే మంచిది.

1,51,880 ఎస్‌డీఆర్ అంటే అంత చెక్కు అని కాదు

ప్రమాదం జరిగిన మర్నాడే పత్రికల్లో ఒక్కొక్కరికి ఇంత వస్తుందని అంకె వేస్తారు. ఆ అంకె ఒప్పందంలోని 21వ అధికరణం నుంచి వస్తుంది. ఎస్‌డీఆర్ అంటే డాలర్, యూరో, యువాన్, యెన్, పౌండ్ కలిపి అంతర్జాతీయ ద్రవ్యనిధి కట్టిన లెక్క. మొదట ఈ పరిమితి 1,00,000 ఎస్‌డీఆర్. 2009 డిసెంబరు 30 నుంచి 1,13,100, 2019 డిసెంబరు 28 నుంచి 1,28,821, 2024 డిసెంబరు 28 నుంచి 1,51,880 అయింది. మీకు ఏ అంకె వర్తిస్తుందో చూడటానికి ప్రమాదం జరిగిన తేదీ చూడండి.

ఈ అంకె అర్థం ఇదీ: నిరూపించిన నష్టంలో ఇంతవరకు ఎయిర్‌లైన్ తన తప్పేమీ లేదని వాదించే వీలే లేదు. చనిపోయిన వ్యక్తి నిర్లక్ష్యం ఉంటే తప్ప అది కట్టి తీరాలి. అంతకు మించిన నష్టానికి కూడా పై పరిమితి లేదు. కానీ ఆ పై భాగానికి ఎయిర్‌లైన్ తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. తనవైపు, తన సిబ్బంది వైపు, తన ఏజెంట్ల వైపు ఏ నిర్లక్ష్యమూ లేదని నిరూపించాలి. లేదా నష్టం పూర్తిగా మూడో పక్షం తప్పు వల్లే జరిగిందని నిరూపించాలి. రుజువు భారం ఎయిర్‌లైన్ మీదే ఉంది. ఇది చాలా పెద్ద విషయం, దీని బలం ఎక్కడ కనిపిస్తుందో భద్రత గురించి చెప్పేటప్పుడు చూపిస్తాను.

ఈ రెండు మెట్లకూ, అంటే పరిమితి లోపలి మొత్తానికీ దాన్ని దాటిన మొత్తానికీ, నష్టం ఎంతో నిరూపించాల్సింది మాత్రం కుటుంబమే. 2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదం తర్వాత కేరళ హైకోర్టులో సరిగ్గా ఈ వివాదమే నడిచింది. ప్రతి కుటుంబానికీ లక్ష ఎస్‌డీఆర్ కనీస హక్కని ఏకసభ్య ధర్మాసనం అంది. నష్టం నిరూపించిన మేరకే ఇవ్వాలని డివిజన్ బెంచ్ దాన్ని మార్చింది. అదే ప్రమాదంలో ఒక కుటుంబానికి 2020లో భారత సుప్రీంకోర్టు లెక్కగట్టిన పరిహారం 7.64 కోట్ల రూపాయలు. ఆదాయం పత్రాలతో చూపించగలిగితే మొత్తం ఎంత దూరం వెళ్తుందో ఈ తీర్పు చెబుతుంది.

లెక్క ఎలా కడతారో ఒక ఊహా ఉదాహరణతో చెప్తాను. చనిపోయినవారి నికర ఆదాయం ఏడాదికి 30,000 డాలర్లు. అందులో మూడో వంతు ఆయన సొంత ఖర్చు అనుకుంటే కుటుంబానికి చేరేది 20,000. వయసును, మిగిలిన ఉద్యోగకాలాన్ని బట్టి కోర్టు 14తో గుణిస్తే 2,80,000 డాలర్లు. ఎస్‌డీఆర్ విలువ 1.35 డాలర్లనుకుంటే 1,51,880 ఎస్‌డీఆర్ అంటే సుమారు 2,05,000 డాలర్లు. అంతవరకు తప్పొప్పుల వాదనే లేదు. మిగిలిన 75,000 దగ్గరే ఎయిర్‌లైన్ పోరాడగలదు. జీతం పెరిగే అవకాశం, పెన్షన్, ఇంట్లో చేసే పని విలువ, అంత్యక్రియల ఖర్చు, దేశాన్ని బట్టి మానసిక వేదన దీనికి కలుస్తాయి. శిక్షగా వేసే అదనపు పరిహారం మాత్రం మాంట్రియల్ కింద ఎయిర్‌లైన్ నుంచి రాదు, 29వ అధికరణం దాన్ని కొట్టేసింది. కోర్టుకు వెళ్తే ఎస్‌డీఆర్‌ను స్థానిక డబ్బులోకి మార్చేది తీర్పు రోజు విలువ ప్రకారం.

బతికి బయటపడినవారికి ఒక హెచ్చరిక. ఒప్పందం మరణానికి, శరీరానికి తగిలిన గాయానికి పరిహారం ఇస్తుంది. ఒంటి మీద గాయం లేకుండా మనసుకు తగిలిన దెబ్బకు ఇవ్వాల్సిన పని లేదని అమెరికా సుప్రీంకోర్టు 1991లో వార్సా ఒప్పందం కింద తేల్చింది. చాలా దేశాల కోర్టులు ఆ దారిలోనే నడిచాయి. కాబట్టి చిన్న గాయమైనా అదే రోజు వైద్యుడి చేత రాయించుకోవాలి.

భద్రతా లోపం: మొదట మనిషి నిలబడిన చోటు చూడాలి

ఒప్పందం వర్తించేది విమానంలోను, ఎక్కే క్రమంలోను, దిగే క్రమంలోను జరిగిన ఘటనలకే. విమానాశ్రయంలో దాడి జరిగితే ఆ మనిషి అప్పటికి ఎక్కే క్రమంలో ఉన్నాడా అన్నదే మొదటి ప్రశ్న. దీన్ని నేర్పిన కేసులు రెండున్నాయి.

1973 ఆగస్టులో ఏథెన్స్ విమానాశ్రయంలో ముష్కరులు కాల్పులు జరిపి గ్రెనేడ్లు విసిరారు. న్యూయార్క్ వెళ్లాల్సిన ప్రయాణికులు అప్పటికే పాస్‌పోర్టు తనిఖీ దాటి, బోర్డింగ్ పాస్‌లు పట్టుకుని, గేటు దగ్గర ఎయిర్‌లైన్ చెప్పినట్టు వరుసలో సోదా కోసం నిలబడి ఉన్నారు. వాళ్లు ఎక్కే క్రమంలోనే ఉన్నారని అమెరికా అప్పీలు కోర్టులు తేల్చాయి. 1972 మేలో ఇజ్రాయెల్‌లోని లాడ్ విమానాశ్రయంలో 26 మంది చనిపోయిన దాడిలో ప్రయాణికులు విమానం దిగి, టెర్మినల్ లోపలికి వచ్చి, సామాన్ల కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లు దిగే క్రమం దాటిపోయారని మరో అప్పీలు కోర్టు 1976లో అంది. రెండూ సామూహిక దాడులే, ఫలితాలు మాత్రం పూర్తిగా వేరు. కోర్టులు చూసినవి ఇవి: ఆ క్షణంలో ప్రయాణికుడు ఏం చేస్తున్నాడు, ఎవరి ఆజ్ఞలో ఉన్నాడు, గేటుకు ఎంత దగ్గర్లో ఉన్నాడు.

దీన్నిబట్టి మీ పని తేలుతుంది. చెకిన్ కౌంటర్ ముందు, పార్కింగులో, వచ్చేవారి హాల్లో జరిగిన దాడికి ఒప్పందం పనికిరాదు. అక్కడ ఆ దేశపు నిర్లక్ష్య చట్టం ప్రకారం విమానాశ్రయ నిర్వాహకుడిని, భద్రతా కాంట్రాక్టరును, ప్రభుత్వాన్ని అడగాలి. గేటు దగ్గర జరిగితే ఎయిర్‌లైన్ మీద ఒప్పందం పనిచేస్తుంది. పైగా అప్పుడు ఎయిర్‌లైన్ మీద అదొక్కటే దారి. న్యూయార్క్‌లో సోదా అవమానకరంగా జరిగిందని, ఒంటికి గాయం కాకపోయినా స్థానిక చట్టం కింద పరిహారం ఇవ్వాలని ఇజ్రాయెల్ ఎయిర్‌లైన్ ఎల్ ఆల్ మీద వేసిన కేసును 1999లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒప్పందం పరిధిలోకి వచ్చిన ఘటనకు ఒప్పందం పరిహారం ఇవ్వకపోతే వేరే చట్టం కిందా రాదని దాని సారం. అందుకే ఆ మనిషి నిలబడిన చోటును విమానాశ్రయం పటం మీద గుర్తుపెట్టి, సాక్షుల పేర్లు, ఫోన్‌లో ఉన్న ఫొటోల సమయాలు మొదటి వారంలోనే సేకరించాలి.

తనిఖీ చేసింది ఎవరు

రెండో ప్రశ్న ఇది. ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి ఉంది. కొన్నిచోట్ల ప్రభుత్వ బలగాలు చేస్తాయి. కొన్నిచోట్ల విమానాశ్రయ నిర్వాహకుడు కాంట్రాక్టరుకు అప్పగిస్తాడు. కొన్నిచోట్ల, ముఖ్యంగా బ్యాగులకు, ఎయిర్‌లైన్ సొంతంగా మనుషులను పెట్టుకుంటుంది. అమెరికాలో 2001 సెప్టెంబరు 11 వరకు ప్రయాణికుల తనిఖీ బాధ్యత ఎయిర్‌లైన్లదే, వాళ్లు ప్రైవేటు సంస్థలతో చేయించేవారు. ఆ ఏడాది నవంబరులో వచ్చిన చట్టంతో అది ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్లింది.

ఎయిర్‌లైన్ డబ్బిచ్చి పెట్టుకున్న కాంట్రాక్టరు అయితే అతని తప్పు ఎయిర్‌లైన్ తప్పే, ఎందుకంటే ఏజెంట్ల తప్పును ఒప్పందం ఎయిర్‌లైన్ ఖాతాలోనే వేస్తుంది. ప్రభుత్వ సిబ్బంది అయితే వాళ్లు తన ఏజెంట్లు కారని ఎయిర్‌లైన్ వాదిస్తుంది, ఆ వాదనకు బలం ఉంది. అప్పుడు ప్రభుత్వాన్నే అడగాలి. అక్కడ మరో గోడ ఉంటుంది. విధాన నిర్ణయాలకు, అంటే ఏ యంత్రం కొనాలి, ఎంతమందిని పెట్టాలి లాంటి వాటికి చాలా దేశాల్లో ప్రభుత్వానికి రక్షణ ఉంది. రాసి ఉన్న పద్ధతిని సిబ్బంది పాటించలేదని చూపిస్తేనే కేసు నిలుస్తుంది. పైగా ప్రభుత్వం మీద దావాకు ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం, దానికి వేరే గడువు ఉండొచ్చు. అమెరికాలో సంబంధిత శాఖకు రెండేళ్లలోగా రాతపూర్వక క్లెయిమ్ ఇవ్వకపోతే కోర్టు తలుపే తెరుచుకోదు.

అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 17వ అనుబంధంలో భద్రతా ప్రమాణాలు ఉన్నాయి. ఆ ప్రమాణాన్ని ఉల్లంఘించారు కాబట్టి పరిహారం ఇవ్వండి అని నేరుగా అడిగితే కుదరదు. అవి దేశాల మీద పెట్టిన బాధ్యతలు. వాటిని అమలు చేసే దేశీయ నియమాన్ని, విమానాశ్రయపు ఆమోదిత భద్రతా ప్రణాళికను, ఎయిర్‌లైన్ సొంత మాన్యువల్‌ను పట్టుకోవాలి. ఏ పేజీలో ఏ పని చేయాలని ఉంది, ఆ రోజు ఏం చేశారు అన్న తేడాయే కేసు.

బ్యాగు ఎలా తప్పించుకుంటుంది

1985 జూన్ 23న ఐర్లాండ్ తీరం దగ్గర ఎయిరిండియా 182 పేలి 329 మంది చనిపోయారు. వాంకూవర్‌లో ఒక వ్యక్తి సూట్‌కేసును తర్వాత మారాల్సిన విమానం దాకా పంపమని అప్పగించి తాను ఎక్కలేదు. ఆ తర్వాతి విమానంలో అతనికి ఖరారైన సీటు కూడా లేదు. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం మధ్యలో చెడిపోయింది, మిగిలిన బ్యాగులను చేతిలో పట్టుకునే పరికరంతో చూశారు. ఇక్కడ మూడు తలుపులు వరుసగా తెరుచుకున్నాయి. ఒక్కటి మూసి ఉన్నా ఆ బ్యాగు ఆగేది.

1988 డిసెంబరు 21న లాకర్బీలో పాన్ యామ్ 103లో 259 మంది, నేల మీద 11 మంది చనిపోయారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేరే విమానాల నుంచి వచ్చిన బ్యాగులను ఎక్స్‌రే తీసి ఎక్కించేశారు, వాటి యజమానులు విమానంలో ఉన్నారో లేదో సరిచూడలేదు. బాంబు రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో ఉంది. తెర మీద అది మామూలు వస్తువులానే కనిపిస్తుంది కాబట్టి ఎక్స్‌రే దాన్ని ఆపకపోవచ్చు. యజమాని లేని బ్యాగు అని తేలితే అది విమానం ఎక్కేదే కాదు. కారణ సంబంధం అంటే సరిగ్గా ఇదే: తప్పు జరిగిందని చూపితే చాలదు, ఆ పని సరిగ్గా చేసి ఉంటే ప్రమాదం ఆగేదని చూపాలి. అప్పటి వార్సా పరిమితి దాటడానికి కుటుంబాలు తెలిసి చేసిన నిర్లక్ష్యాన్ని జ్యూరీ ముందు నిరూపించాల్సి వచ్చింది. 1992లో జ్యూరీ వారి పక్షాన తేల్చింది. అదే ఘటన ఇవాళ జరిగితే కుటుంబం అంత బరువు మోయనక్కర్లేదు. తప్పు లేదని నిరూపించుకోవాల్సింది ఎయిర్‌లైనే.

పూర్తిగా ఉగ్రవాదుల పని, మాదేముంది అనే వాదన వస్తుంది. అక్కడ బరువంతా ఆ "పూర్తిగా" అనే మాట మీదే ఉంది. 2020 జనవరి 8న టెహ్రాన్‌లో బయల్దేరిన ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ క్షిపణులు కూల్చాయి, 176 మంది చనిపోయారు. క్షిపణి వదిలింది ఎయిర్‌లైన్ కాదని అందరికీ తెలుసు. అయినా ఆ రాత్రి ఉద్రిక్తతల మధ్య బయల్దేరడంలో ముప్పును సరిగ్గా అంచనా వేయలేదని, తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకోలేకపోయిందని 2024లో కెనడాలోని ఆంటారియో కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టూ అదే నిలబెట్టింది. పరిమితి దాటిన పరిహారానికీ ఎయిర్‌లైన్ బాధ్యురాలైంది.

ఒక్కోసారి ప్రభుత్వమే ఆట నియమాలు మార్చేస్తుంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత పదకొండు రోజులకే అమెరికా ఎయిర్‌లైన్ల బాధ్యతను వాటి ఇన్సూరెన్స్ మొత్తానికి పరిమితం చేసి, బాధితులకు నిధి పెట్టింది. నిధి నుంచి డబ్బు తీసుకుంటే ఎయిర్‌లైన్ల మీద దావా హక్కు పోతుంది. తొలి దశలో 2,880 మరణాల కుటుంబాలు దాన్నే ఎంచుకున్నాయి. నిధి ప్రకటించిన ప్రతిచోటా మొదట చదవాల్సింది దేన్ని వదులుకోమంటున్నారన్న వాక్యాన్నే.

తయారీదారు, కంట్రోల్ టవర్, రన్‌వే

వీళ్లెవరికీ మాంట్రియల్ రక్షణ లేదు, కుటుంబానికి దాని సౌలభ్యమూ లేదు. తప్పును లేదా లోపాన్ని కుటుంబమే నిరూపించాలి. గడువు కూడా ఆయా దేశాలదే, కొన్నిచోట్ల ఏడాదే. ప్రతిఫలంగా ఆ చట్టాల్లో పరిహారం ఎక్కువ ఉండొచ్చు, కొన్నిచోట్ల శిక్షాత్మక పరిహారం కూడా ఉంటుంది.

బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల కేసుల్లో ముక్కును కిందికి నెట్టే సాఫ్ట్‌వేర్ ఒక్క సెన్సర్ చెప్పిన మాట మీద పనిచేసింది. 2018 అక్టోబరులో లయన్ ఎయిర్‌లో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియన్‌లో 157 మంది పోయారు. ఇథియోపియన్ ప్రమాదానికి పరిహార బాధ్యతను బోయింగ్ 2021 నవంబరులో చికాగో కోర్టులో ఒప్పుకుంది, బదులుగా కుటుంబాలు శిక్షాత్మక పరిహారాన్ని వదులుకున్నాయి. కానీ విదేశీ ప్రమాదాన్ని తయారీదారు దేశంలో విచారించడం సబబు కాదని అమెరికా కోర్టులు కేసును పంపేయగలవు. స్కాట్లాండ్‌లో కూలిన విమానం కేసులో 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే స్థిరపరిచింది. అందుకని సొంత దేశంలో గడువు దాటిపోకుండా అక్కడా దావా వేసి ఉంచుకోవాలి.

2002లో యూబర్‌లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది చనిపోయారు. ట్రాఫిక్ చూస్తున్నది స్విస్ సంస్థ, ఆకాశం జర్మనీది. ఆ పనిని సరైన ఒప్పందం లేకుండా అప్పగించారు కాబట్టి జర్మనీ ప్రభుత్వమే బాధ్యురాలని 2006లో కాన్‌స్టాన్స్ కోర్టు అంది. 2015లో కో పైలట్ కావాలని కూల్చిన జర్మన్‌వింగ్స్ కేసులో పైలట్ల వైద్య పరీక్ష ప్రభుత్వ విధి, ఎయిర్‌లైన్‌ది కాదంటూ 2020లో ఎస్సెన్ కోర్టు అదనపు పరిహారం దావా కొట్టేసింది. తప్పు స్పష్టంగా ఉన్నా ప్రతివాది తప్పైతే కేసు పోతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

విమానాశ్రయం విషయంలో చూడాల్సినవి నేల మీది సామగ్రి, కొలతలు. 2001లో మిలాన్ లినాటేలో పొగమంచులో రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 118 మంది పోయినప్పుడు గ్రౌండ్ రాడార్ పనిచేయడం లేదు. రన్‌వే పట్టీ చివర ఖాళీ భద్రతా స్థలం కనీసం 90 మీటర్లు ఉండాలని, పెద్ద రన్‌వేలకు 240 మీటర్లు ఉంటే మంచిదని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 14వ అనుబంధం చెబుతుంది. రన్‌వే దగ్గర ఉండక తప్పని పరికరాలు తగిలితే విరిగిపోయేలా ఉండాలి. 2024 డిసెంబరులో దక్షిణ కొరియాలోని మువాన్‌లో జేజు ఎయిర్ విమానం కాంక్రీటుతో కట్టిన యాంటెన్నా దిమ్మెను ఢీకొని 179 మంది చనిపోయాక ఈ ప్రశ్న ప్రపంచమంతా వినిపించింది.

గడువు, కోర్టు, నివేదిక

రెండేళ్ల లెక్క విమానం చేరిన రోజు నుంచి, చేరాల్సిన రోజు నుంచి, లేదా ప్రయాణం ఆగిన రోజు నుంచి. దాన్ని చాలా కోర్టులు పొడిగించవు. వారసుల్లో పిల్లలున్నారన్నా, ఎయిర్‌లైన్‌తో చర్చలు నడుస్తున్నాయన్నా వినవు. చర్చలు బాగానే సాగుతున్నాయని నమ్మించి గడువు దాటించడం బీమా సంస్థలకు తెలియని విద్య కాదు. ఇరవై నెలలకల్లా దావా కాగితం కోర్టులో ఉండాలి.

దావా వేయగల చోట్లు అయిదు: ఎయిర్‌లైన్ నమోదైన చోటు, దాని ప్రధాన కార్యాలయం ఉన్న చోటు, టికెట్ కొన్న దాని కార్యాలయం ఉన్న చోటు, టికెట్‌లోని గమ్యం, ప్రయాణికుడు స్థిరంగా నివసించే దేశం. అయిదోది వాడాలంటే ఆ దేశానికి ఆ ఎయిర్‌లైన్ సేవలు, అక్కడ దాని వ్యాపార స్థలం ఉండాలి. పరిహారం లెక్కలో ఈ ఎంపిక తెచ్చే తేడా చాలా పెద్దది. లాయరును కలిసిన మొదటి రోజే అయిదింటినీ కాగితం మీద రాసి పోల్చమనండి.

ప్రమాద దర్యాప్తు అదే సంస్థ 13వ అనుబంధం ప్రకారం నడుస్తుంది. ప్రాథమిక నివేదిక 30 రోజుల్లో, తుది నివేదిక వీలైతే ఏడాదిలో రావాలి. దాని ఉద్దేశం మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటం ఒక్కటే. నింద వేయడం దాని పని కాదని అందులోనే రాసి ఉంది. అమెరికాలో దర్యాప్తు బోర్డు తేల్చిన కారణాన్ని పరిహారం కేసులో సాక్ష్యంగా వాడటం చట్టరీత్యా నిషేధం. అందులోని వాస్తవ సమాచారం, పరీక్షల ఫలితాలు మాత్రం మీ నిపుణుడికి పనికొస్తాయి. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు. 2000 నాటి కాంకార్డ్ ప్రమాదంలో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌కు పడిన క్రిమినల్ శిక్ష 2012లో అప్పీలులో పోయినా సివిల్ బాధ్యత నిలిచింది.

కాగితాలు

యూరప్ నియమం ప్రకారం పరిహారానికి అర్హుడెవరో తేలిన 15 రోజుల్లో అడ్వాన్సు ఇవ్వాలి, మరణమైతే కనీసం 16,000 ఎస్‌డీఆర్. అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, తర్వాత తుది పరిహారంలో మినహాయిస్తారు. రసీదు మీద ఇది అడ్వాన్సు మాత్రమే అని, మిగతా హక్కులన్నీ ఉన్నాయని రాసి ఉంటే సంతకం పెట్టొచ్చు. "పూర్తి, తుది పరిష్కారం", "ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు", "తయారీదారు, సరఫరాదారులు, విమానాశ్రయం, వారి బీమా సంస్థలు" ఇలాంటి మాటలు కనిపిస్తే ఆగండి. లయన్ ఎయిర్ కుటుంబాలకు ఇండోనేషియా నిబంధన ప్రకారం ఎలాగూ రావాల్సిన 125 కోట్ల రుపియాలకు (ఆ దేశపు డబ్బు) బదులు బోయింగ్‌ను కూడా విడుదల చేసే కాగితాలు పెట్టారన్న వార్తలు అప్పట్లో విస్తృతంగా వచ్చాయి. మీకు రాని భాషలో ఉన్న కాగితం మీద అసలే వద్దు.

మొదటి వారంలో వెళ్లాల్సిన ఉత్తరం ఒకటుంది: సాక్ష్యాలు చెరిపేయవద్దని ఎయిర్‌లైన్‌కు, విమానాశ్రయ నిర్వాహకుడికి, తనిఖీ కాంట్రాక్టరుకు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థకు, తయారీదారుకు రాసేది. సీసీటీవీ దృశ్యాలు చాలాచోట్ల కొన్ని వారాల్లోనే వాటంతటవే చెరిగిపోతాయి, కాబట్టి కెమెరా ఉన్న చోటు, సమయం రాసి అడగాలి. బ్యాగుల ఎక్స్‌రే చిత్రాలు, బ్యాగు–ప్రయాణికుడు సరిచూసిన జాబితా, తనిఖీ యంత్రాల మరమ్మతు పుస్తకం, ఆ షిఫ్టులో ఎవరున్నారన్న రోస్టరు, వాళ్ల శిక్షణ పత్రాలు, సిబ్బంది గేట్ల యాక్సెస్ కార్డు రికార్డు, తనిఖీ ఎలా జరుగుతోందో చూడటానికి రహస్యంగా జరిపిన పరీక్షల ఫలితాలు పేరుపేరునా రాయాలి. భద్రతా పత్రాలు రహస్యమని నిరాకరిస్తారు. కోర్టు ద్వారా, లాయర్లు మాత్రమే చూసే షరతుతో తెప్పించుకోవచ్చు. అడిగిన తేదీ రికార్డులో ఉంటే తర్వాత పోయిందన్నప్పుడు కోర్టు వారినే తప్పుబడుతుంది.

కుటుంబం వైపు కావాల్సినవి మరణ ధ్రువపత్రం, గుర్తింపు పరీక్ష నివేదిక, వారసత్వ పత్రం, కనీసం మూడేళ్ల ఆదాయ పన్ను పత్రాలు, జీతం చీటీలు, ఇంటికి డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, ఆధారపడినవారి వయసు రుజువులు. నగదు వ్యాపారమైతే బ్యాంకు జమలు, సరుకు కొన్న బిల్లులే ఆదాయానికి సాక్ష్యం. శరీరం దొరకకపోతే కోర్టు నుంచి మరణ ప్రకటన తెచ్చుకోవాలి, దానికి పట్టే సమయం వల్ల రెండేళ్ల గడువు ఆగదు.

లాయరు ఫీజు శాతంగా ఉంటే ఆ శాతం ఖర్చులు పోయాక లెక్కా, ముందా అని రాయించుకోండి. అడ్వాన్సు మీద, మొదటి మెట్టు మొత్తం మీద తక్కువ శాతమే అడగండి, ఎందుకంటే అక్కడ లాయరు పోరాడాల్సింది నష్టం లెక్క ఒక్కదాని మీదే. అమెరికా చట్టం ప్రమాదం జరిగిన 45 రోజులలోపు పిలవకుండా కుటుంబాల దగ్గరికి లాయర్లు రావడాన్ని నిషేధించింది. ఆ రోజుల్లో వచ్చి తలుపు తట్టినవారికి కేసు ఇవ్వకండి.